తువా ప్రజల జీవనం, సంస్కృతి: తరచుగా అడిగే ప్రశ్నలు

ఒకే గొంతులోంచి రెండు స్వరాలు ఒకేసారి పలికే వీడియో ఏదో చూసి, ఎవరీ మనుషులు, ఎక్కడివాళ్లు అని వెతుక్కుంటూ వచ్చేవాళ్లే ఎక్కువ. ఆ పాట గొప్పదే. కానీ దాన్ని ఒక వింతగా చూసి వదిలేస్తే తువా వాళ్లకు అన్యాయం చేసినట్టే అని నా అభిప్రాయం. ఆ పాట మందల వెంట తిరిగే బతుకులోంచి పుట్టింది. అందుకే ముందు మందలు, గుడారం, పాలు, పొయ్యి గురించి చెప్పి, ఆ తర్వాతే పాట దగ్గరికి వస్తాను.

తువా ఎక్కడుంది?

సైబీరియా దక్షిణ కొసన, మంగోలియాకు సరిగ్గా పైన. రష్యాలో భాగంగా ఉన్న ఒక రిపబ్లిక్ ఇది. ఉత్తరాన సయాన్ పర్వతాలు, దక్షిణాన తన్ను-ఓలా కొండలు. రాజధాని కిజిల్. బీయ్-ఖెమ్, కా-ఖెమ్ అనే రెండు నదులు కిజిల్ దగ్గరే కలిసి యెనిసేయ్ మహానదిగా మారతాయి. తువా వాళ్లు దాన్ని ఉలుగ్-ఖెమ్ అంటారు. ఆసియా ఖండానికి ఇదే నడిబొడ్డు అని చాటుతూ ఆ ఒడ్డున ఒక స్తూపం నిలబెట్టుకున్నారు.

చలికాలం రాత్రులు మైనస్ 40 డిగ్రీలు దాటిపోతాయి, ఎండాకాలం 35 దాకా కాస్తుంది. ఇంత చిన్న నేలలోనే ఉత్తరాన రెయిన్‌డీర్లు తిరిగే దట్టమైన అడవి, దక్షిణాన ఒంటెలు మేసే ఎడారి బీళ్లు ఉన్నాయి. దక్షిణాన ఉన్న ఉవ్స్-నూర్ లోయను 2003లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చారు.

తువా వాళ్లు మంగోలులా, రష్యన్లా?

రెండూ కాదు. వాళ్ల భాష తుర్కిక్ కుటుంబానికి చెందింది. బట్టలు, బౌద్ధం, గుడారం, చాలా ఆచారాలు మంగోలులకు దగ్గరగా ఉంటాయి కాబట్టి చూడగానే పొరబడతాం. ఈ నేలను తుర్కులు, ఉయ్‌ఘుర్లు, కిర్గిజ్‌లు, మంగోలులు వరసగా ఏలారు. 1750ల నుంచి 1911 దాకా చైనాను పాలించిన మంచూ జాతి చక్రవర్తుల చేతిలో ఉంది. 1883లో ఆ పాలన మీద తిరగబడిన 60 మంది వీరులను వాళ్లు ఇప్పటికీ తలుచుకుంటారు. కిజిల్‌లోని జాతీయ మ్యూజియానికి ఆ అల్దాన్-మాదిర్ వీరుల పేరే పెట్టారు.

రష్యాలో తువా వాళ్లు దాదాపు మూడు లక్షల మంది. మంగోలియా పడమటి భాగంలోను, చైనాలో కనాస్ సరస్సు చుట్టుపక్కలా చిన్న చిన్న సమూహాలున్నాయి. మోంగుష్, ఒండార్, ఖోవాలిగ్, కూలార్, ఊర్జాక్ లాంటి వంశాల పేర్లే ఇంటిపేర్లు. మనలాగే ఇంటిపేరు ముందు, సొంతపేరు తర్వాత. మగవాళ్ల పేర్ల చివర తరచుగా ‘ఊల్’, ఆడవాళ్ల పేర్ల చివర ‘కిస్’ వినిపిస్తాయి.

ఒకప్పుడు తువా విడి దేశమట, నిజమేనా?

నిజమే. 1914లో రష్యా జారు రక్షణ కిందికి వెళ్లింది. విప్లవం తర్వాత 1921లో ప్రజా రిపబ్లిక్‌గా ప్రకటించుకుని 1944 దాకా అలాగే నిలిచింది. గుర్తించినవి సోవియట్ యూనియన్, మంగోలియా మాత్రమే. 1944 అక్టోబరులో సోవియట్ యూనియన్‌లో కలిసిపోయింది.

బయటి ప్రపంచానికి ఆ చిన్న దేశం తెలిసింది తపాలా బిళ్లల వల్ల. 1930లలో తువా పేరుతో త్రికోణం, డైమండ్ ఆకారాల్లో వచ్చిన బిళ్లల మీద ఒంటెలు, జింకలు, విలుకాళ్లు, కుస్తీ పట్లు ఉండేవి. నోబెల్ బహుమతి పొందిన భౌతిక శాస్త్రవేత్త రిచర్డ్ ఫైన్‌మన్ చిన్నప్పుడు ఆ బిళ్లలు చూసినవాడే. పెద్దయ్యాక ఎలాగైనా తువా వెళ్లాలని ఏళ్ల తరబడి ఉత్తరాలు రాశాడు. 1988 ఫిబ్రవరిలో ఆయన కన్నుమూసిన కొద్ది రోజులకు అనుమతి వచ్చింది.

సంచార జీవనం అంటే ఎక్కడపడితే అక్కడికి తిరగడమేనా?

కాదు. ఈ అపోహ పోవాలి. ప్రతి కుటుంబానికీ తరతరాలుగా తెలిసిన దారి ఉంటుంది, తెలిసిన మకాములుంటాయి. వసంతంలో చజగ్, వేసవిలో చైలగ్, శరత్తులో కూజెగ్, శీతాకాలంలో కిష్తగ్. వేసవి మకాం నీటి దగ్గర, గాలి ఆడే చోట. శీతాకాలం మకాం కొండ మాటున, గాలి తగలని చోట. అక్కడ మందకు దొడ్లు కట్టి ఉంటాయి. గొర్రెలు ఒకచోట గడ్డిని వేళ్లతో సహా పీకేయకముందే కదిలిపోవాలి. మళ్లీ ఏడాదికి తిరిగొచ్చేసరికి గడ్డి లేచి ఉండాలి. అంటే ఇది తిరుగుడు కాదు, లెక్క.

బంధువుల గుడారాలు నాలుగైదు కలిసి ఉండే చిన్న గుంపును ఆల్ అంటారు. గొర్రెలు, మేకలు, ఆవులు, గుర్రాలు, ఒంటెలు ఈ అయిదూ వాళ్ల పశుసంపద. నైరుతి మూల మోంగున్-తైగాలో చలి ఎక్కువ, అక్కడ జడల బర్రెలు, అంటే యాక్‌లు ఉంటాయి. వాటిని సర్లిక్ అంటారు.

పశువులతో మాట్లాడే పద్ధతి నాకు ఎంతో నచ్చుతుంది. వసంతంలో ఈనిన గొర్రె ఒక్కోసారి తన పిల్లను దగ్గరికి రానివ్వదు. అప్పుడు ఇంటి ఆడమనిషి దాని పక్కన కూర్చుని, పిల్లను పొదుగు దగ్గర పెట్టి, ఒకే పదాన్ని మళ్లీ మళ్లీ సాగదీస్తూ మెల్లగా పాడుతుంది. గొర్రెకు ఒక పాట, మేకకు ఒకటి, ఆవుకు ఇంకొకటి. చాలాసేపటికి తల్లి మెత్తబడి పిల్లను నాకుతుంది. సంగీతం వాళ్లకు పనిముట్టు కూడా అనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

వాళ్ల గుడారం ఎలా ఉంటుంది?

బయటివాళ్లు యుర్త్ అంటారు, తువా వాళ్లు ఓగ్ అంటారు. సన్నటి కర్రలను తోలు ముడులతో అల్లిన జల్లెడ లాంటి గోడలు, మడిస్తే ముడుచుకుంటాయి, లాగితే సాగుతాయి. వాటిని గుండ్రంగా నిలబెట్టి, పై నుంచి కర్రలు వాల్చి, నడినెత్తిన పొగ పోయే చక్రానికి గుచ్చుతారు. దాని మీద మందపాటి ఉన్ని ఫెల్ట్ కప్పి వెంట్రుక తాళ్లతో బిగిస్తారు. చేయి తిరిగినవాళ్లు గంట, రెండు గంటల్లో నిలబెట్టేస్తారు.

ఆ ఫెల్ట్ తయారీ ఊరంతా కలిసి చేసుకునే పని. కత్తిరించిన ఉన్నిని కర్రలతో బాది బాది దూదిలా విప్పుతారు. పాత ఫెల్ట్ పరిచి దాని మీద పొరలు పొరలుగా ఉన్ని పేర్చి నీళ్లు చల్లుతారు. మొత్తాన్ని ఒక కర్రకు చాపలా చుట్టి, తడి తోలు కప్పి, తాళ్లు కట్టి గుర్రానికి తగిలిస్తారు. గుర్రం దాన్ని బీడు మీద అటూ ఇటూ దొర్లించుకుంటూ పోతుంది. విప్పేసరికి ఉన్ని పోగులు ఒకదాన్నొకటి పట్టేసుకుని గాలి దూరని పట్ట అయిపోతుంది. దారం లేదు, మగ్గం లేదు. పని అయ్యాక విందు ఉంటుంది.

లోపలికి అతిథిగా వెళ్తే ఎలా మసలుకోవాలి?

గడప తొక్కకూడదు. మొదటి మాట అదే. గడప మీద నిలబడి మాట్లాడటమూ తప్పే.

లోపల అడుగుపెట్టాక కుడి పక్క ఆడవాళ్లది, అటే వంటసామాను, పాలగిన్నెలు. ఎడమ పక్క మగవాళ్లది, జీనులు, కళ్లేలు అక్కడ. తలుపుకు ఎదురుగా పొయ్యికి అవతల ఉండేది తోర్, గౌరవ స్థానం. రంగులు వేసిన చెక్కపెట్టెలు, దేవుడి పటాలు, పెద్దల ఫొటోలు అక్కడే ఉంటాయి. పిలిస్తేనే అక్కడికి వెళ్లి కూర్చోవాలి.

మధ్యలో ఉన్న నిప్పు దేవత. అందులో చెత్త వేయకూడదు, ఉమ్మకూడదు, దాని వైపు కాళ్లు చాపకూడదు, కత్తి మొన చూపకూడదు. తినబోయే దానిలో మొదటి ముక్క నిప్పుకు పెట్టాకే మనుషులకు. మీ చేతికి ముందు టీ గిన్నె వస్తుంది. ఆకలి లేకపోయినా ఒక గుక్క తాగాలి. ఏది ఇచ్చినా, పుచ్చుకున్నా కుడిచేత్తో, పెద్దవాళ్లకైతే రెండు చేతులతో. ఈ మర్యాదలు మన తెలుగిళ్లలో పెరిగినవాళ్లకు నేర్పక్కర్లేదు.

ఏం తింటారు?

వేసవి అంతా పాలు, శీతాకాలం అంతా మాంసం అని ఒక్క ముక్కలో చెప్పొచ్చు. పాలు పోసి ఉప్పు వేసిన టీ రోజంతా పొయ్యి మీద ఉంటుంది. పంచదార వేయరు. పాలమీద కట్టే మీగడ తట్టు ఓరెమె, తాజా జున్ను బిష్తక్, నూనెలో లేదా కొవ్వులో వేయించిన పిండి ముక్కలు బోర్జక్. ధాన్యాల్లో వరిగలంటే వాళ్లకు ప్రాణం. వాటిని వేయించి దంచి ‘తరా’గా టీలో కలుపుకుంటారు. బార్లీ వేయించి విసిరిన పిండి దల్‌గన్ ఎంత దూరం ప్రయాణానికైనా పనికొస్తుంది.

శాకాహారులకు ఇబ్బందే. కూరగాయలు ఇప్పుడు దొరుకుతున్నాయి కానీ కాపరి ఇంట్లో భోజనమంటే గొర్రె మాంసమే. ముందే మర్యాదగా చెప్పుకుంటే టీ, జున్ను, మీగడ, తరాతో గడిపేయొచ్చు.

పాలతో సారా కాస్తారట?

కాస్తారు. పులియబెట్టిన పాలను ఖోయ్‌త్‌పక్ అంటారు. దాన్ని పెద్ద మూకుడులో పొయ్యి మీద పెట్టి, దాని మీద అడుగూ మూతా లేని చెక్క పీపా ఒకటి నిలబెడతారు. అది షూరూన్. పీపా నోటి మీద చన్నీళ్ల గిన్నె పెడతారు. ఆవిరి పైకి లేచి, చల్లటి గిన్నె అడుగున తగిలి చుక్కలుగా మారి, లోపల అమర్చిన చెక్క దోనెలోంచి బయట పాత్రలోకి కారుతుంది. అదే అరగ. ఘాటు తక్కువ, పాలవాసన ఉంటుంది. పెద్దవాళ్లకు, అతిథులకు ఇస్తారు.

అక్కడితో అయిపోలేదు. మూకుడులో మిగిలిన విరుగుడును గుడ్డ సంచిలో పోసి, బరువు పెట్టి నీళ్లు కార్చేసి ఎండబెడితే ఆర్జి అవుతుంది. రాయిలా గట్టిగా, పుల్లగా ఉంటుంది. శీతాకాలానికి నిలవ. పాలలో ఒక్క బొట్టు వృథా పోదు.

గొర్రెను కోసే పద్ధతి వేరుగా ఉంటుందా?

ఉంటుంది. గొంతు కోయరు. గొర్రెను వెల్లకిలా పడుకోబెట్టి, రొమ్ము దగ్గర చిన్న గాటు పెట్టి, చేయి లోపలికి పోనిచ్చి గుండె దగ్గరి పెద్ద రక్తనాళాన్ని తెంపేస్తారు. క్షణాల్లో ప్రాణం పోతుంది. నేల మీద ఒక్క చుక్క రక్తం పడకూడదని నియమం. లోపల నిలిచిన రక్తాన్ని గిన్నెతో తోడి, పాలు, ఉల్లి కలిపి పేగుల్లో నింపి ఉడికిస్తారు. అది ఇజిగ్-ఖాన్, వాళ్లకు ఎంతో ఇష్టమైన వంటకం. తోకభాగం కొవ్వు, ఉజా, ముఖ్య అతిథికి. ప్రతి ఎముకకూ, ప్రతి అవయవానికీ ఎవరికి పెట్టాలో వరస ఉంది.

ఒకే గొంతులో రెండు స్వరాలు ఎలా వస్తాయి?

మన గొంతు ఏ స్వరం పలికినా దాని వెంట పైస్థాయి అనుస్వరాలు ఎన్నో ఉంటాయి. మామూలుగా అన్నీ కలిసిపోయి ఒకే స్వరంగా వినిపిస్తాయి. తువా గాయకుడు గొంతు బిగించి కింద శ్రుతిని కదలకుండా పట్టుకుంటాడు. నాలుకను, పెదవులను, దవడను వెంట్రుకవాసి జరుపుతూ నోటిలోని ఖాళీని మారుస్తాడు. ఆ ఖాళీకి సరిపోయిన ఒక్క అనుస్వరం మాత్రం మిగతావాటిలోంచి విడివడి ఈలలా మోగుతుంది. అలా ఒక్కొక్కటిగా ఏరుకుంటూ పాట కడతాడు. ఎక్కువగా 6, 8, 9, 10, 12వ అనుస్వరాలు వాడతారు. 7, 11 వాళ్ల రాగానికి పొసగవు కాబట్టి దాటేస్తారు.

సిగిత్ అనే పద్ధతిలో నాలుక కొసను పైపళ్ల వెనుక అంగిలికి ఆనించి దాదాపు మూసేసి, ఒక పక్కన సన్నటి సందు వదులుతారు. కర్గిరాలో అసలు స్వరతంత్రులతో పాటు వాటి పైనున్న మడతలు కూడా కదిలి, పాడే శ్రుతికి ఒక స్థాయి కింద గర్జన పుడుతుంది. మాయ లేదు, సాధన ఉంది.

ఎన్ని రకాలున్నాయి?

ప్రధానమైనవి మూడు: ఖూమేయ్, సిగిత్, కర్గిరా. ఖూమేయ్ మెత్తగా ఉంటుంది, మొత్తం కళకూ అదే పేరు. వీటి మీద అలంకారాల్లా వచ్చేవి బోర్బంగ్నదిర్, ఎజెంగిలేర్. మొదటిది రాళ్ల మీద పారే సెలయేరులా తిరుగుతుంది, రెండోది గుర్రం నడకలో రికాబు తాళాన్ని పట్టుకుంటుంది.

పాత గాయకులకు స్టేజీ లేదు. గాలి ఎటు వీస్తోంది, కొండ ఎలా బదులిస్తోంది, వాగు హోరు ఎంత ఉంది చూసుకుని కూర్చునే చోటు ఎంచుకునేవారు. మంద కాసే ఒంటరి మనిషి కొండతో, నీటితో కలిసి పాడే పాట ఇది. ఆడిటోరియంలో విన్నప్పుడు అందులో ఒక భాగం తప్పకుండా తగ్గిపోతుంది. రికార్డింగు వినాలనుకుంటే పక్కన నీళ్ల చప్పుడో గుర్రాల సకిలింపో ఉన్నది ఎంచుకోండి.

ఆడవాళ్లు పాడకూడదంటారా?

అనేవారు. పాడితే పిల్లలు పుట్టరని, మగ బంధువులకు కీడని నమ్మకం. అయినా ఇంటి చాటున, మంద దగ్గర పాడుకున్న ఆడవాళ్లు ఎప్పుడూ ఉన్నారు. 1998లో చోదురా తుమాత్ ఆధ్వర్యంలో ‘తివా కిజి’ అనే మహిళల బృందం మొదలైంది. పెద్దల నుంచి అభ్యంతరాలు వచ్చినా ఆగలేదు. అందులో పాడినవాళ్లకు పిల్లలున్నారు, పాటా ఉంది. సైంఖో నమ్‌చిలక్ అనే గాయని అంతకు ముందే ప్రయోగాత్మక సంగీతంలో విదేశాల్లో పేరు తెచ్చుకుంది.

ఏ వాద్యాలు వాడతారు?

ఇగిల్ ముందు చెప్పుకోవాలి. రెండు తంత్రుల కమాను వాద్యం, పైన గుర్రపు తల చెక్కి ఉంటుంది. తంత్రులూ గుర్రపు వెంట్రుకలే. వేళ్లతో తంత్రిని కర్రకేసి నొక్కరు, గాలిలోనే తాకుతారు. అందుకే ఆ స్వరం అంత వణుకుతుంది. దాని పుట్టుకకు ఒక కథ చెబుతారు. అనాథ కుర్రవాడు ఓస్కూస్-ఊల్ పెంచిన గుర్రం పందేలన్నీ గెలుస్తుంటే ఊరి ప్రభువు ఓర్వలేక చంపిస్తాడు. ఏడ్చి ఏడ్చి నిద్రపోయిన కుర్రవాడి కలలోకి గుర్రం వచ్చి, నా తల చెక్కు, నా తోలు, నా తోక వెంట్రుకలు వాడు, వాయించు అంటుంది.

ఇవి కాక మీటి వాయించే దోష్‌పులూర్, నాలుగు తంత్రుల బిజాంచి, పళ్ల మధ్య పెట్టి మోగించే ఖోముస్ ఉన్నాయి.

మొదటిసారి వినేవాళ్లు ఎవరితో మొదలుపెట్టాలి?

హూన్-హూర్-తు బృందంతో. 1992 నుంచి ప్రపంచమంతా తిరిగినవాళ్లు. ఆ గుంపులో కైగల్-ఊల్ ఖోవాలిగ్ కర్గిరా విన్నాక మిగతా గొంతులు పలచగా అనిపిస్తాయి. తర్వాతి తరంలో అలాష్ బృందం బాగుంటుంది. 2013లో కన్నుమూసిన కొంగర్-ఊల్ ఒండార్‌ది నవ్వుతూ పాడే గొంతు. చూపు లేని అమెరికన్ బ్లూస్ గాయకుడు పాల్ పెన్యా రేడియోలో ఈ పాట విని తనంతట తాను నేర్చుకుని, 1995లో కిజిల్ పోటీకి వచ్చి కర్గిరా విభాగంలో గెలిచాడు. అప్పుడు అతన్ని ఆదరించి వెంట తిప్పింది ఒండారే.

వాళ్ల మతం బౌద్ధమా, షామన్ పద్ధతా?

రెండూ. ఒకే ఇంట్లో లామా చేత పూజ, షామన్ చేత శాంతి చేయించుకుంటారు, అందులో వాళ్లకు ఇబ్బందేమీ లేదు. టిబెట్ నుంచి మంగోలియా మీదుగా వచ్చిన గెలుగ్ శాఖ బౌద్ధం 18వ శతాబ్దంలో స్థిరపడింది. షామన్‌ను ఖామ్ అంటారు. దుంగుర్ అనే పెద్ద డోలు కొడుతూ, ఈకల తలపాగాతో, బట్టకు వేలాడే గుడ్డపేలికలు, ఇనుప ముక్కలతో ఆత్మలతో మాట్లాడతారు. 41 రాళ్లను మూడు వరసలుగా పంచి ప్రశ్న చెప్పే ఖువానక్ ఇప్పటికీ మామూలే.

1930లలో రెంటి మీదా దెబ్బ పడింది. ఇరవైకి పైగా ఉన్న ఆరామాలను నేలమట్టం చేశారు, లామాలను, షామన్లను జైళ్లలో వేశారు, చంపారు, డోళ్లు లాక్కున్నారు. చదాన్ దగ్గరి ఉస్తూ-ఖురే ఆరామం మందపాటి మట్టిగోడల మొండెంగా దశాబ్దాల పాటు నిలబడి ఉంది. 2012లో మళ్లీ కట్టారు.

ఇక్కడ మోంగుష్ కెనిన్-లోప్‌సాన్ పేరు చెప్పకపోతే తప్పు. ఆయన ఇంట్లోనే పెద్ద తరంలో ఒక షామన్ ఉండేది, ఆమెను జైలుపాలు చేశారు. ఆ మాట ఎత్తడమే ప్రమాదమైన రోజుల్లో ఆయన ఊరూరా తిరిగి ముసలివాళ్ల నోట మిగిలిన షామన్ పాటలు, మంత్రాలు రాసుకున్నాడు. 1990ల ఆరంభంలో షామన్ల సంఘం స్థాపించాడు. 2022లో 96 ఏళ్ల వయసులో పోయాడు. ఆయన రాసుకోకపోతే ఎంత పోయేదో తలుచుకుంటే గుండె బరువెక్కుతుంది.

భారతదేశంతో ఏమైనా సంబంధం ఉందా?

బౌద్ధం ద్వారా ఉంది. దలైలామా 1992 సెప్టెంబరులో తువా వెళ్లారు. తువా కుర్రాళ్లు కొందరు కర్ణాటకలోని ముండగోడులో ఉన్న డ్రెపుంగ్ గోమాంగ్ మఠంలో ఏళ్ల తరబడి చదువుకుంటారు. అక్కడ వాళ్లు చదివేవాటిలో నాగార్జునుడి మాధ్యమికం ముఖ్యం. టిబెటన్ సంప్రదాయం ప్రకారం బుద్ధుడు కాలచక్ర బోధ చేసింది ధాన్యకటకంలో, అంటే మన అమరావతిలో. 2006 జనవరిలో దలైలామా కాలచక్ర దీక్ష ఇచ్చిందీ అక్కడే. కృష్ణా తీరంలో పుట్టిన ఆలోచన యెనిసేయ్ తీరం దాకా నడిచింది.

దారి పక్కన రాళ్ల గుట్టలు, చెట్లకు గుడ్డపేలికలు ఎందుకు?

ఆ రాళ్ల గుట్ట ఓవా. కొండ కనుమల్లో, నదుల దగ్గర ఆ చోటు యజమాని అయిన ఆత్మకు కట్టింది. దారినపోయేవాళ్లు ఆగి, ఒక రాయి వేసి, చుట్టూ తిరిగి, చలమా అనే గుడ్డపట్టీ కట్టి పోతారు. ఊటలకు, వేడినీటి బుగ్గలకు అర్జాన్ అని పేరు. వేసవిలో కుటుంబాలకు కుటుంబాలే అక్కడికి వచ్చి మకాం వేసి స్నానాలు చేస్తాయి. అక్కడ చెట్టు కొమ్మ విరవరు, నీళ్లలో మురికి కలపరు, గట్టిగా అరవరు.

పొద్దున్నే మొదటి టీని ఇంటావిడ తోస్-కరక్‌తో ఆకాశానికి, కొండలకు, నీళ్లకు చిలకరిస్తుంది. అది తొమ్మిది గుంటలు చెక్కిన చెక్క గరిటె.

ముఖ్యమైన పండుగలేవి?

షగా అన్నిటికన్నా పెద్దది. చాంద్రమాన సంవత్సరాది, ఎక్కువగా ఫిబ్రవరిలో వస్తుంది. ముందే ఇల్లు దులిపి, అప్పులు తీర్చి, తగాదాలు తేల్చుకుంటారు. తెల్లవారుజామున ఎత్తైన చోటికి చేరి, పేర్చిన నిప్పులో ప్రతి వంటకంలోంచి మొదటి ముద్ద, అర్తిష్ అనే సువాసన గల జూనిపర్ ఆకు వేస్తారు. దాన్ని సాన్ సాలిర్ అంటారు. సూర్యుడు కనబడగానే పాలు చిలకరిస్తారు. తర్వాత పలకరింపులు. చిన్నవాళ్లు అరచేతులు పైకి పెట్టి రెండు చేతులూ చాస్తారు, పెద్దవాళ్లు తమ చేతులను వాటి మీద ఆనిస్తారు. పెద్దల భారం చిన్నవాళ్లు మోస్తారని చూపడం. సోవియట్ కాలంలో దీన్ని బహిరంగంగా చేసుకోనివ్వలేదు. ఇళ్లలో తలుపులు వేసుకుని చేసుకున్నారు.

వేసవిలో నాదిమ్, కాపరుల పండుగ. గుర్రప్పందేలు, విలువిద్య, అన్నిటికీ మించి ఖురేష్ కుస్తీ. బరువు తరగతుల్లేవు. పాదాలు తప్ప ఒంట్లో ఏది నేలకు తగిలినా ఓటమే. పట్టుకు ముందు, గెలిచాక మల్లుడు చేతులు రెక్కల్లా చాచి డేగ నాట్యం చేస్తాడు. 130 కిలోల మనిషి అంత తేలిగ్గా ఆడటం చూసి తీరాలి.

పిల్లలకు ఏ వేడుకలు చేస్తారు?

పుట్టువెంట్రుకలు మూడో ఏట తీస్తారు. బంధువులంతా వరసగా ఒక్కో పాయ కత్తిరించి, ఒక్కొక్కరూ ఒక బహుమతి చెబుతారు. ఎక్కువగా గొర్రెపిల్లో, దూడో, గుర్రప్పిల్లో. అలా మూడేళ్లకే ఆ బిడ్డకు సొంత మంద మొదలవుతుంది.

రెయిన్‌డీర్లను పెంచేవాళ్లూ తువా వాళ్లేనా?

అవును, ఈశాన్యంలోని తోజా అడవివాళ్లు. వాళ్ల బతుకు వేరు. ఫెల్ట్ గుడారం కాదు, భూర్జపత్రం, అంటే బర్చ్ బెరడు కప్పిన శంకువు ఆకారపు గుడిసె. రెయిన్‌డీర్ మీద ఎక్కి వేటకు పోతారు, పాలు పిండుకుంటారు. మాంసం కోసం చంపడం అరుదు. మంగోలియాలో దుఖా పేరుతో ఉన్నవాళ్లు వీళ్ల బంధువర్గమే. సోవియట్ కాలపు సామూహిక క్షేత్రాలు కూలిపోయాక 1990లలో ఇక్కడి మందలు దారుణంగా తగ్గిపోయాయి. తువా సంస్కృతిలో ఇవాళ ఎక్కువ ప్రమాదంలో ఉన్నది ఇదేనని నాకనిపిస్తుంది.

చేతిపనుల్లో ప్రత్యేకత ఏమిటి?

రాతి బొమ్మలు. బాయ్-తైగా ప్రాంతంలో దొరికే చోనార్-దాష్ అనే మెత్తటి రాయిని కత్తితో చెక్కొచ్చు. కిజిల్-దాగ్ ఊరి కాపరులు ఆ రాయిలోంచి ఎద్దు, యాక్, పడుకున్న ఒంటె తీస్తారు. అరచేతిలో పట్టే బొమ్మే, కానీ కొమ్ములు వంచి పోట్లాటకు దిగుతున్న పొట్టేలు మెడ కండరం కూడా కనిపిస్తుంది. రోజూ మందను చూసే కంటికే అది సాధ్యం.

ఈ జంతువుల శిల్పం ఇక్కడ చాలా పాతది. 2001లో అర్జాన్-2 అనే సమాధి దిబ్బలో 2,600 ఏళ్లకు పైబడిన శక రాజదంపతులు, సుమారు 20 కిలోల బంగారంతో బయటపడ్డారు. వేల కొద్దీ చిన్న చిరుతపులులు, జింకలు, గుర్రాలు. జాతీయ మ్యూజియంలో చూడొచ్చు.

ఇప్పటికీ అందరూ ఇలాగే బతుకుతున్నారా?

లేదు. 1950ల నాటికి సామూహిక వ్యవసాయం పేరుతో ఎక్కువమందిని ఊళ్లలో స్థిరపరిచారు. ఇప్పుడు జనాభాలో పెద్ద భాగం కిజిల్‌లోను, ఊళ్లలోను ఉంటోంది. స్కూళ్ల వల్ల పిల్లలు ఏడాదిలో చాలాకాలం మందకు దూరంగా ఉంటారు. కాపరుల దగ్గర మొబైల్ ఫోన్లు, సోలార్ ప్యానెళ్లు, జీపులు ఉన్నాయి. సోలార్ లైటు ఉన్నంత మాత్రాన ఆ గుడారం నకిలీది అయిపోదు. సంప్రదాయం చెడిపోతోందని బయటివాళ్లు బాధపడటం కన్నా, చలిలో మంద కాచేవాడికి ఏది ఆసరానో చూడటం మంచిది.

2016లో మొదలైన ఒక ప్రభుత్వ పథకం నాకు బాగా నచ్చింది. శీతాకాలపు మకాంలో బతకడానికి సిద్ధపడే యువ దంపతులకు 200 గొర్రెలు ఇస్తారు. మంద పెరిగాక అన్ని గొర్రెలను వాళ్లు తిరిగి ఇవ్వాలి, అవి ఇంకో కొత్త జంటకు వెళతాయి.

వెళ్లి చూడాలంటే?

కిజిల్‌కు రైలు లేదు. రైలైతే అబకాన్‌లో దిగాలి, అక్కడి నుంచి సయాన్ కనుమల మీదుగా దాదాపు 400 కిలోమీటర్ల రోడ్డు. చిన్న విమానాశ్రయం ఉంది. రష్యా వీసా కావాలి, మంగోలియా సరిహద్దు దగ్గరి ప్రాంతాలకు విదేశీయులు విడిగా అనుమతి తీసుకోవాలి. నాదిమ్ కోసమైతే ఆగస్టు ప్రాంతంలో వెళ్లాలి, తేదీ ప్రతి ఏడూ మారుతుంది కాబట్టి ముందే కనుక్కోండి. కాపరి ఇంటికి వెళ్లేటప్పుడు వట్టి చేతులతో పోకండి. టీ ఆకు, పిండి, పిల్లలకు మిఠాయి తీసుకెళ్తే చాలు. మద్యం మాత్రం తీసుకెళ్లొద్దు, దానివల్ల అక్కడ ఇప్పటికే చాలా కుటుంబాలు నష్టపోయాయి.